ఎన్ని పళ్ళ నవ్వు

మేడమీదావిడ కింద వాటా ఆవిడతో అన్నదట. కింద వాటా ఆవిడ మెట్లమీద కూర్చుని మా అత్తగారితో అన్నదట. అత్తగారు ఇంట్లోకి వచ్చి, కట్టుడు పళ్ళు తీసి గ్లాసులో వేసుకుని, ఆ బోసినోటితోనే కొడుకు చెవిన వేసింది. ఇన్ని నోళ్ళు మారినా మాట మాత్రం ఎక్కడా అరగలేదు.

"ఆవిడ మొహాన నవ్వన్నది ఎప్పుడైనా చూశారా? మెట్లెక్కేటప్పుడూ అదే మొహం, దిగేటప్పుడూ అదే మొహం. మొగుడు గానీ కొడతాడేమో, ఎవరికి తెలుసు."

మా ఆయన నన్ను కొట్టరు. ఈ సంగతి మొదట్లోనే చెప్పేస్తే మీకూ తేలిక, నాకూ తేలిక. పాతికేళ్ళలో ఒక్కనాడు చెయ్యెత్తలేదు. ఆ మాట నలుగురిలో ఆయనే అంటుంటారు, తాగుడు లేదు, పేకాట లేదు అనే వరసలో. అందుకే ఆ చాడీ ఆయనకి ముల్లులా దిగింది. ఆ సాయంత్రం నేను షాపు నుంచి వచ్చి అంట్లు తోముతుంటే వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు. గుమ్మం దాటి లోపలికి రావటం ఆయనకి అలవాటు లేదు.

"ఇటు తిరుగు. ఏదీ, ఒకసారి నవ్వు."

మోచేతులదాకా సబ్బునురగ. అలాగే తిరిగి నవ్వాను. పాత బండి ఇంజను చప్పుడు వినే మెకానిక్కులా తల పక్కకి వంచి చూశారాయన.

"అదీ సంగతి. లోపం పళ్ళల్లో ఉంది," అన్నారు. గుండెమీంచి బస్తా దించినట్టుంది ఆయన గొంతు.

ఆయన ఉద్యోగం కొట్లల్లో కాటాలు తనిఖీ చెయ్యటం. గుండు ఎక్కడ తక్కువ తూగినా కంటితోనే పట్టేస్తారు. పట్టుకున్నాక దాన్ని సరిచేయించి, సీలు వేయిస్తేగాని నిద్రపట్టదు. వచ్చే నెలకి మా పెళ్ళై పాతికేళ్ళు నిండుతాయి. ముందుగది గోడకి నిలువెత్తు ఫొటో ఒకటి పెట్టాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నారు. ఇప్పుడా ఫొటోలో నేను నవ్వాలి. మేడమీదావిడ ఏ పంచదారకో వచ్చినప్పుడు గుమ్మంలోంచే కనపడేట్టు నవ్వాలి. ఆయన ఆఫీసులో ఎవరి కోడలో వెనీర్లు వేయించుకుందట. పన్ను ముందువైపు కాస్త గీకి, గోరంత మందాన పింగాణీ రేకు అతికిస్తారట. చూసినవాళ్ళు ముత్యాలసరం అంటారట. ఆ రోజు నుంచి మా ఇంట్లో నా నవ్వు రిపేరుకొచ్చిన సామాను అయిపోయింది.

నా పళ్ళల్లో ఉన్న తేడా ఒక్కటే. పైవరసలో కుడిపక్క కోరపన్ను పక్కపన్ను మీదికి కాస్త ఎక్కి ఉంటుంది, రైల్లో సీటు కోసం పక్కవాడి మీద సగం కూర్చున్నట్టు. మా అమ్మకీ అంతే. పెళ్ళైన మూడోవారం ఆల్బం వచ్చినప్పుడు మా ఆడపడుచు పేజీలు తిప్పుతూ, "వదినా, నువ్వు నవ్వితే మొహం కనపడదు, పళ్ళే కనపడతాయి" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తరువాత ఆయన స్నేహితులు టీకి వచ్చారు. "మా ఆవిడ నవ్విందంటే ముప్పైరెండూ లెక్కపెట్టుకోవచ్చురా" అన్నారీయన. వాళ్ళు వెళ్ళాక చాలా నెమ్మదిగా, నా మంచికే చెబుతున్నట్టు, "నలుగురిలో అలా నోరంతా తెరవకు. బాగుండదు" అన్నారు. ఆయనకిప్పుడు అవేమీ గుర్తులేవు. అడిగితే, ఛ, నేనెందుకంటాను అంటారు. అబద్ధమూ కాదు. అన్నవాళ్ళకి గాలికి పోయే మాటే, పడ్డవాళ్ళకి పళ్ళ సందులో ఇరుక్కుంటుంది.

నవ్వు మానెయ్యటం ఒక్కరోజులో అయ్యే పని కాదు. చక్కెర మానేవాళ్ళని చూడండి, ముందు సగం చెంచా తగ్గిస్తారు. నేను మొదట చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. చేతికి ఎప్పుడూ ఏదో పని ఉండేది, అంచేత పెదవి అడ్డం పెట్టుకోవటం నేర్చుకున్నాను. పై పెదవిని లోపల్నుంచి పంటికి అతికించినట్టు పట్టి ఉంచితే ముందు పళ్ళు నాలుగే బయటికొస్తాయి. మంచినీళ్ళిస్తూ ఒకసారి, "ఇంత ఆలస్యమేం" అంటే ఒకసారి, "మీ వైపువాళ్ళకి తెలివి తక్కువలే" అంటే ఒకసారి. రోజుకి ఎన్నిసార్లయినా నవ్వచ్చు ఆ నవ్వు, ఖర్చు లేదు. కొన్నేళ్ళకి పెదవి దానంతటదే పట్టి ఉంచటం నేర్చుకుంది. నేను మర్చిపోయినా అది మర్చిపోదు.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. పదహారేళ్ళు కౌంటర్లో, గిరాకీల ముందు అద్దం పట్టుకుని నిలబడ్డాను. మొహం వాళ్ళది, అద్దం వాళ్ళవైపు. పగలంతా నేను చూసింది అద్దం వీపే. ఏ ముక్కుకి ఏ ఫ్రేము నిలుస్తుందో మనిషి మెట్లెక్కుతుండగానే చెప్పగలను. రెండేళ్ళ క్రితం షాపు పెద్దది చేసి, యజమాని నన్ను లోపలి గదిలోకి, కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే మిషను దగ్గరికి మార్చాడు. "నీ చేతిలో పనుందమ్మా, కాదనను. కౌంటర్లోకి మాత్రం కాస్త నవ్వుమొహం ఉండాలి" అన్నాడు. నేను పని నేర్పిన పిల్లే ఇప్పుడు అక్కడ నవ్వుతోంది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "పోనీలే, కాళ్ళు లాగుతున్నాయన్నావుగా, కూర్చునే పని" అన్నారు. కూర్చున్నాను. మిషను దగ్గర మొదటిరోజు నేర్చుకునే సూత్రం ఒక్కటే. అద్దాన్ని ఫ్రేము కొలతకి గీసిన గీతకి ఇవతలే ఆపాలి. తక్కువ అరిగితే మళ్ళీ అరగదీసుకోవచ్చు. ఎక్కువ అరిగితే దేవుడు దిగొచ్చినా వెనక్కి రాదు.

పళ్ళాసుపత్రిలో నా ఫారం ఆయనే నింపారు. నా వయసు ఒక ఏడాది తప్పేశారు. 'ఇబ్బంది ఏమిటి' అన్న గడిలో 'నవ్వు' అని రాశారు.

డాక్టరు ముప్పైలోపు పిల్ల. చురుకైన చేతులు. అన్ని పళ్ళమీదా చిన్న పుల్లతో తట్టి చూసి, "పుచ్చు లేదు, కదలటం లేదు. రాళ్ళలా ఉన్నాయి" అంది మా ఆయనతో. కాటా సరిగానే ఉందన్నట్టు ఆయన తలూపారు. తరువాత నవ్వమంది. నవ్వాను. పుల్ల నా పంటిమీద నుంచి పంటిమీదికి నడిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అక్కడ ఆగిపోయింది.

"నాలుగే కనపడుతున్నాయి."

"నాలుగేనా? నేనింకా ఎన్నో అనుకున్నాను. కానివ్వండి," అన్నారు మా ఆయన.

"ఆగండి సార్. ఇది ఫొటో నవ్వు. మనిషి నిజంగా నవ్వితే పెదవి పైకి పోతుంది, పక్కలు విచ్చుకుంటాయి. ఆరు కనపడేవాళ్ళుంటారు, పది కనపడేవాళ్ళుంటారు. ఎన్ని కనపడితే అన్నిటికీ వెయ్యాలి. నాలుగే వేసి ఊరుకున్నామనుకోండి, రేపు ఈవిడ పకపకా నవ్విననాడు ముందు నాలుగూ తెల్లగా, పక్కవి పసుప్పచ్చగా, సగం గోడకి సున్నం కొట్టి కూలివాడు పారిపోయినట్టుంటుంది. ఏదమ్మా, కాస్త పెద్దగా నవ్వండి."

ప్రయత్నించాను. నాలుగు. పక్కన నిలబడ్డ నర్సు నవ్వి చూపించింది, ఇలా అన్నట్టు. నాలుగు. నేను సాయం చేస్తానుండండి అని మా ఆయన ముందుకొచ్చి, పెళ్ళైన కొత్తలో నేను ఉప్పుడబ్బాలో పంచదార పోసిన కథ ఎత్తుకున్నారు. ఆ కథ మా ఇంటికి ఎవరొచ్చినా చెబుతారు. ఎక్కడ నవ్వాలో నాకు కంఠతా వచ్చు. సరిగ్గా అక్కడే నవ్వాను. పుల్ల మళ్ళీ నడిచింది. నాలుగు.

అప్పుడాయన అన్నారు, చాలా మామూలుగా, డాక్టరుకి శ్రమ తప్పిద్దామనే: "మీరు అనవసరంగా కష్టపడుతున్నారు డాక్టరుగారూ. ఈవిడ అంత నవ్వే మనిషి కాదండీ. నాలుగు చాలు."

వెనక్కి వాలిన కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని ఆ మాట విన్నాను. తిట్టు కాదది, ఎత్తిపొడుపూ కాదు. పాతికేళ్ళ కాపురాన్ని పళ్ళెంలో పెట్టి తూకం చెప్పారు, అంతే. మేడమీదావిడ అంటే ముల్లయిన మాట ఆయన నోట లెక్కయింది. కోపం వస్తే బాగుండేదేమో, రాలేదు. కంటి చివరనుంచి ఒక చుక్క జారి చెవిలోకి పోయింది. దీపం వెలుతురు పడి కళ్ళు మండుతున్నాయేమో అని నర్సు దీపం కాస్త పక్కకి తిప్పింది.

డాక్టరు చేతిలో పుల్ల కింద పెట్టి మొదటిసారి నావైపు చూసింది. "ఒక వారం ఆగుదాం. ఇంట్లో ఎవరైనా ఈవిడకి తెలియకుండా వీడియోలు తియ్యండి. ఎక్కడైనా నవ్వు దొరికితే పట్టుకురండి. గీకిన పన్ను మళ్ళీ పెరగదు. లెక్క తప్పకూడదు."

ఆ పని ఆయన మా అమ్మాయికి అప్పజెప్పారు. దానికి పంతొమ్మిది. ఫోను చేతికి మొలిచినట్టుంటుంది. "మీ అమ్మ నవ్వినప్పుడల్లా నొక్కెయ్" అన్నారు. నాకు తెలియకుండా అని డాక్టరంది గాని, మా ఇంట్లో తెలియనిదేముంది. భోజనాల దగ్గర నీళ్ళకూజా వెనకాల ఫోను నిలబెట్టి ఉండేది. ఆయన ఆఫీసులో జోకులు పోగుచేసుకుని వచ్చి వడ్డన మొదలవగానే ఒకటి వదిలేవారు. ముగ్గురూ తినటం ఆపి నా మూతివైపు చూసేవారు. పిల్లి ఎలక కలుగు దగ్గర కాచుక్కూర్చున్నట్టు.

"నవ్వవే, నీ సొమ్మేం పోయింది," అనేది అత్తయ్య. ఇంకోరోజు కొడుకుతో, "నవ్వు నాలుగు విధాల చేటన్నారు గదరా. అందుకని విధానికొక పన్ను చొప్పున నవ్వుతోందేమో" అంది. ఆయన పొలమారేలా నవ్వారు. ఆయనకి మంచినీళ్ళందిస్తూ నేనూ నా నాలుగు పళ్ళూ చూపించాను.

మూడోరోజు సాయంత్రం నేను తడిబట్టల టబ్బు ఎత్తబోతుంటే మా అమ్మాయి వచ్చింది.

"అమ్మా, పదిహేడు వీడియోలు తీశాను."

"దొరికిందా?"

"లేదు. భోజనాలవి తీసేస్తే అన్నిట్లో నీ వీపే ఉంది."

చూపించింది. పొయ్యి ముందు నా వీపు. అంట్ల దగ్గర నా వీపు. ఇస్త్రీ బల్లమీద వంగిన వీపు, నానమ్మ కాలిగోళ్ళు తీస్తున్న వీపు, మంచం కింద చీపురు పెట్టి ఊడుస్తున్న వీపు. షాపుకి వెళ్ళబోతూ ఒక చేత్తో తల దువ్వుకుంటూ రెండోచేత్తో పాలు దించుతున్నదీ వీపే. ఒకదాంట్లో వెనకనుంచి ఆయన గొంతు వినపడుతోంది, "నా నీలం చొక్కా ఏది" అని. వీపు అలాగే ఉంది, చెయ్యి మాత్రం అలమారవైపు చూపించింది. కౌంటర్లో అద్దం వీపు చూసినట్టు నేను నా వీపు చూశాను. మెడ దగ్గర జుట్టు నెరిసిందని అంతవరకూ నాకు తెలియదు. మా అమ్మాయి ఫోను జేబులో పెట్టుకుని టబ్బు రెండోవైపు పట్టుకుంది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి.

గురువారం ఆయన పక్క ఊళ్ళ తనిఖీకని రెండురోజులు వెళ్ళారు. శుక్రవారం నాకు సెలవు. పొద్దున్నే పెరట్లో బట్టలు నానబెట్టాను. అత్తయ్య ముక్కాలిపీట మీద కూర్చుని మేజోళ్ళు జతలు కలుపుతూ మేడమీదావిడని ఆడిపోసుకుంటోంది. "కొడతాడట. వాడి మొహం, వాడికి దోమని కొట్టటమే రాదు" అంటూనే తుమ్మింది. మామూలు తుమ్ము కాదు. పైపళ్ళూ కిందిపళ్ళూ రెండు సెట్లూ ఎగిరి సబ్బునీళ్ళ టబ్బులో పడ్డాయి.

"నా ఫళ్ళు," అంది, ఖాళీ నోటితో.

చెయ్యి పెట్టి దేవాను. ఒక మేజోడు వచ్చింది. ఒక తువ్వాలు వచ్చింది. కింది సెట్టు దొరికింది. పైది కోసం వెతికి వెతికి బరువుగా తగిలినదాన్ని పైకి లాగితే మా ఆయన నీలం చొక్కా. దాని కాలర్ని అత్తయ్య పైపళ్ళు గట్టిగా కరుచుకుని ఉన్నాయి, కొక్కెంలా తగులుకుని, ఊపినా వదలటం లేదు.

అత్తయ్య ఆ చొక్కాని తేరిపార చూసింది. "కనకముందునుంచీ వాళ్ళ నాన్నని, కన్నాక వీణ్ణి, ఒక్కసారైనా ఇలా కరవాలనుండేది. నోట్లో ఉన్నంతకాలం కుదర్లేదు. చూశావా, బయటపడ్డాక వాటికెంత ధైర్యమొచ్చిందో."

ఎక్కణ్ణుంచో ఒక చప్పుడు వచ్చింది. పక్కింటివాళ్ళెవరో అనుకున్నాను. నా నోట్లోంచే. చొక్కా చేతిలో పట్టుకుని తడినేలమీద కూలబడ్డాను. అత్తయ్య బోసినోరు గుహలా తెరుచుకుంది, నా నోరు ఎంత తెరుచుకుందో నాకే తెలియదు. ఇద్దరం ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఆపుకోబోయి, ఆ కాలరువైపు చూసి, మళ్ళీ మొదలు. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి తీస్తోంది. అదీ నవ్వుతోంది, అందుకే వీడియో అంతా వణుకు.

మధ్యాహ్నం అత్తయ్య నడుం వాల్చాక వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని చూశాను. ఒకచోట ఆపి, వేలితో పెద్దది చేసి లెక్కపెట్టాను. పైవరసలో పది. వాటిపైన చిగుళ్ళు. కుడిపక్కన, పక్కపన్ను మీదికెక్కి కూర్చున్న ఆ కోరపన్ను. నేను కాదు, మా అమ్మ. చేలో కలుపు తీస్తూ ఎవరేమన్నా నడుంమీద చెయ్యేసుకుని నవ్వేది, అవతలి చేను వాళ్ళు తలెత్తి చూసేట్టు. పోయి పదకొండేళ్ళు. ఉన్న నాలుగు ఫొటోల్లోనూ మూతి బిగించుకునే ఉంటుంది. ఫొటో తీసేవాడు నవ్వద్దని చెప్పి ఉంటాడు. ఆ నవ్వు తనతోపాటు మట్టిలోకి పోయిందనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నా నోట్లోనే ఉంది. ఇరవైనాలుగేళ్ళకి పైగా దానిమీద పెదవి కప్పి, దిండుకింద బిడ్డని పెట్టినట్టు పెట్టి ఉంచింది నేనే. అప్పుడు వచ్చింది ఏడుపు. పొయ్యిమీద నీళ్ళు మరిగి ఇగిరిపోయిందాకా ఏడ్చాను.

సోమవారం నలుగురం వెళ్ళాం. కాలరు కరిచిన సాహసానికి అత్తయ్య పైసెట్టు కాస్త బీట వారింది, అందుకని తనూ వచ్చింది. దార్లో, "ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోటానికి అనేవారు మా కాలంలో. ఇప్పుడు డాక్టర్లొచ్చారు" అని గొణిగింది.

డాక్టరు వీడియోని గోడమీది పెద్ద తెరమీద పెట్టింది. గదంతా మా నవ్వు. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు కూడా నవ్వేసి, శబ్దం తగ్గించి, బొమ్మ ఆపి పుల్లతో లెక్కపెట్టింది. "పది సార్. నాలుగు కాదు."

మా ఆయన తెర దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. 

"ఇదెప్పుడు తీశావు?"

"శుక్రవారం నాన్నా. నువ్వు ఊళ్ళో లేవు."

ఆయన మొహంలో ఏదో కదిలింది. గుండు తక్కువ తూగినప్పుడు కొట్టువాడి మొహంలో కదిలేలాంటిదే. నాకు జాలేసింది కూడా. ఒక్కమాట, ఏదో ఒక్కమాట నావైపు తిరిగి అంటారేమో అని చూశాను. ఆయన డాక్టరువైపు తిరిగారు.

"ఇది ఎప్పుడో గాని వచ్చే నవ్వండీ. రోజువారీ నవ్వుకి నాలుగు సరిపోతాయిగా. ఆ వంకర పన్ను కూడా కలిపి అయిదు వేసెయ్యండి."

డాక్టరు పెన్సిలు పట్టుకుని నా కాగితం మీదికి వంగింది. "మీరు చెప్పండమ్మా. పళ్ళు మీవి. ఒకసారి గీకితే మళ్ళీ రావు. ఎన్నిటికి వెయ్యమంటారు?"

తెరమీద వీడియో దానంతటదే మళ్ళీ మొదలైంది. శబ్దం లేకుండా నేను నవ్వుతున్నాను, నా చేతిలో చొక్కా ఊగుతోంది. మిషను దగ్గర గీతకి ఇవతల ఆపిన చెయ్యి గుర్తొచ్చింది. పెదవి ఎప్పట్లాగే కిందికి రాబోయింది. రానివ్వలేదు. ఆ గదిలో అయిదుగురూ నావైపే చూస్తుండగా అన్నాను.

"ఆయన ఊళ్ళో ఉంటే ఒక్కటీ అక్కర్లేదండీ. లేకపోతే ఉన్నవి చాలు."